ఒకే లాప్‌టాప్‌లో రెండు కాపురాలు

వాన మొదలైతే మైకు బావకి పట్టరాని హుషారు. వినేవాళ్ళు మధ్యలో లేచి పోలేరు కదా.

ఆ సాయంత్రం బస్టాండు ఎదుటి టీ కొట్టు రేకు కింద అలా దొరికిపోయాం మేం. పక్క కొట్టు టైలర్ని నేను. డ్యూటీ దిగి ఇంటికి పోవలసిన బస్సు డ్రైవరు ఒకడు. గ్లాసులు కడుక్కుంటూ కొట్టు నడిపే టీ అక్క. బెంచీ చివర గోడవైపు ఒదిగి కూర్చున్న ఆపరేటరు. మధ్యలో బావ.

బావది బస్టాండులో మైకు ముందు ఉద్యోగం. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఎంత ఆలస్యమో గడగడా చెబుతాడు. పుట్టుకతోనే చూపు లేదు. టీ అక్క భర్తకి స్వయానా అన్న కాబట్టి ఆమె ‘బావగారూ’ అంటుంది; అది విని విని మా అందరికీ బావే అయ్యాడు. రోజూ టీకి రాగానే సంచీలోంచి లాప్‌టాప్ తీసి బెంచీ మీద పెట్టి ఆన్ చేస్తాడు. తెర మీద ఉన్నదంతా చదివిపెట్టే గొంతు ఒకటుంది అందులో. తీయటి ఆడగొంతు. లేస్తూనే ‘స్వాగతం’ అంటుంది. ఆ తర్వాత అది చదివే వేగానికి మాకు ఒక్క ముక్క అర్థం కాదు. బావ మాత్రం బిస్కెట్ నములుతూ తలాడిస్తుంటాడు.

ఆపరేటరుకీ చూపు లేదు. ఆసుపత్రిలో టెలిఫోను బోర్డు దగ్గర చాలా ఏళ్ళు పనిచేసింది. ఫోన్లకి తనంతట తనే జవాబు చెప్పే యంత్రం పెట్టడంతో ఆ ఉద్యోగం పోయింది. ఇన్నాళ్ళకి మరో పని దొరికింది. డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని టైపు చెయ్యాలి, ఇంట్లో కూర్చునే. ఒకటే మెలిక. ఆమె లాప్‌టాప్‌ని ఇప్పుడు నడిపిస్తున్న సిస్టంలో ఆ ఆఫీసు పని సాగదు, వేరే సిస్టం కావాలి. పాతది చెడకుండా దాని పక్కనే రెండోది వేసుకోవాలి. రేపు పొద్దున్నే పనిలో చేరాలి. చేరకపోతే ఇంకొకర్ని చూసుకుంటామని వాళ్ళు ముందే చెప్పేశారు.

“అన్నయ్యా, ఇవాళైనా వేసిపెట్టండి,” అంది ఆమె. “మీ దాంట్లో ఉందిగా.”

బావ మెడలో తాడుకి వేలాడుతున్న పెన్ డ్రైవ్‌ని నిమురుకున్నాడు. అది ఆయనకి పతకం. రెండో సిస్టం అంతా అందులోనే ఉందట, ఏటా కొత్తది నింపించుకుంటాడట. దాన్ని చూపించే మాకు ఎన్నో కథలు చెప్పాడు.

“వేద్దాం చెల్లెమ్మా. ఎంతసేపు, టీ చల్లారేలోపు అయిపోయే పని. కానీ నేనెలా వేశానో ముందు వినాలి. అది వినకుండా వేస్తే నిలవదు.”

“వింటాను. ఆ పెన్ డ్రైవ్ ఇటివ్వండి మరి. చేతిలో ఉంటే కాస్త ధైర్యంగా ఉంటుంది.”

బావ తాడు మెడలోంచి తీసి, పూలదండ వేసినంత దర్జాగా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, టీ అక్కని అడిగి ప్లగ్గు తగిలించి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. తెర నల్లగా ఉంది.

“తెర వెలగట్లేదేంటమ్మా, పాడైందా?” అన్నాడు డ్రైవరు.

“నేను చూడని తెరకి కరెంటు దండగ కదండీ. వెలుగు తగ్గించేసి ఉంచుతాను,” అంది. డ్రైవరు నాలిక కరుచుకున్నాడు.

బావ గొంతు సవరించుకున్నాడు.

“మరి వినండి. నేనేమీ గొప్పలు చెప్పుకునే మనిషిని కాదని మీకు తెలుసు కదా.”

డ్రైవరు దగ్గాడు.

“ఏంటోయ్, వానకి పడిసెం పట్టిందా? పట్టనీ. అసలు సంగతేమిటంటే, ఈ రెండో సిస్టం వెయ్యడం చూపున్నవాళ్ళకే చెమటలు పట్టే పని. రిపేరు కొట్టుకి వెళ్ళి అడిగితే అక్కడి కుర్రాడు, ‘మీవల్ల కాదు సార్, ఇంట్లో ఎవరైనా చూసేవాళ్ళుంటే తోడు తెచ్చుకోండి’ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తోడు దేనికిరా, నేనేమన్నా చీకటంటే భయపడేవాణ్ణా, నేను పుట్టి పెరిగిందే అందులో కదా అన్నా. ఇంటికొచ్చా, తలుపేసుకున్నా, మా ఆవిడతో ఎవరొచ్చినా లేనని చెప్పమన్నా, పెన్ డ్రైవ్ గుచ్చా, ఆన్ చేశా.”

“ఊరికే ఆన్ చేస్తే పాతదే లేస్తుంది కదన్నయ్యా,” అంది ఆపరేటరు.

“లేస్తుంది. అందుకే ఆన్ చేసీ చెయ్యగానే పై వరుసలో కుడివైపు చివర ఉండే కీని టకటకా కొడుతూనే ఉండాలి, తలుపు తీసేదాకా వదలని చుట్టంలాగా. ఒక్కో కంపెనీది ఒక్కో కీ అనుకో, నీదీ నాదీ ఒకటే రకం. అప్పుడు దేంట్లోంచి లేవాలని అడిగే పట్టీ వస్తుంది, అది నోరు విప్పదు. కింది బాణం ఒకసారి, ఎంటర్ ఒకసారి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది?” అన్నాను నేను. ఎవరో ఒకరు అడగాలి, లేకపోతే ఆయన మళ్ళీ మొదటినుంచి చెబుతాడు.

“కూత. కుయ్‌మని ఒక్క కూత. ఆ కూత విన్నానో లేదో నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ కూతే గుర్తు. వేసేటప్పుడూ కూస్తుంది, వేశాక కూడా ఆన్ చేసిన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి కూస్తుంది, ఇవాళ ఏ కాపురానికి వెళ్తావు నాయనా అని. రెండు సిస్టంలున్న లాప్‌టాప్ కూయకుండా లేచిందంటే నా చెవి కోసిస్తా. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.”

“కూత తర్వాత?” ఆపరేటరు.

“ఎస్ అక్షరం, ఎంటర్. గొంతు లేస్తుంది. ఆ ఒక్క అక్షరం తెలియక మనవాళ్ళెంతమంది ఏళ్ళ తరబడి ఒకళ్ళని బతిమాలుకుంటూ కూర్చున్నారో.”

“ఎస్, ఎంటర్,” అని గొణుక్కుంది ఆమె. తర్వాత కాస్త ఆగి, “గొంతు లేవకపోతే అన్నయ్యా? నాకదే భయం. తెర ఆగిపోతే వీళ్ళు చెయ్యి పెట్టి ఏదో చేసుకుంటారు. నాకు గొంతు పోతే చేతిలో మిగిలేది రాయే కదా. రేపు పొద్దున్న రాయి పట్టుకుని కూర్చుంటే ఉద్యోగం ఎవరిస్తారు?” అంది.

బావ నోటిదాకా తెచ్చుకున్న గ్లాసు అక్కడే ఆగింది. “భయమా,” అన్నాడు. “ఉంటుంది. గొంతు ఆగితే… ఉంటుందిలే.” ఒక గుటక వేసి, వెంటనే పాత హుషారులో పడ్డాడు. “అసలు నాకు జరిగింది అదే కదా! ఎస్ కొట్టా, ఎంటర్ కొట్టా, గొంతు లేవలేదు. ఇంకొకడైతే అక్కడే గుండె ఆగి పోయేవాడు. నేనేం చేశాననుకున్నారు? చెవి తీసుకెళ్ళి తెరకి ఆనించా.”

“తెరకా?” అంది టీ అక్క.

“తెరకే తల్లీ. మీ చూపున్నవాళ్ళకి తెలీదుగానీ, అక్షరాలు తెర మీదికి ఊరికే రావు, నడిచి వస్తాయి. నిశ్శబ్దంగా ఉంటే అడుగుల చప్పుడు వినపడుతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు బూట్లేసుకుని వస్తాయి, చిన్నక్షరాలు వట్టి కాళ్ళతో వస్తాయి. ఫుల్‌స్టాపు చీమ. నేను మొత్తం పేజీ అలా విన్నా.”

“కామా?” అన్నాడు డ్రైవరు.

“తోక ఈడ్చుకుంటూ పోతుంది. నువ్వు రోజూ నడిపే బస్సులో వెనక బంపరు ఈడ్చుకొస్తుంది చూడు, అలా.”

డ్రైవరు మొహం మాడ్చుకున్నాడు. నేను నవ్వు ఆపుకోలేక అటు తిరిగితే, ఆపరేటరు మొహంలో అప్పటిదాకా ఉన్న బిగువు ఒక్కసారి సడలడం కనిపించింది. పెదవి కొరుక్కుని నవ్వింది. కథ పట్టుకుందిలే అనుకున్నాను.

“అలా చెవితో చదువుకుంటూ పోతుంటే, అది చూసి సిస్టంకే సిగ్గేసి గొంతు విప్పింది. ఆ గొంతు ఉందే, మన పాత సిస్టంలో ఆడగొంతులా తీయగా ఉండదు. మగగొంతు. వారం రోజులుగా జలుబు పట్టిన మనిషి, ముక్కు మూసుకుని రేకు డబ్బాలో తలపెట్టి మాట్లాడినట్టు ఉంటుంది.”

“అచ్చం అలాగే,” అంది ఆపరేటరు.

“కదా? నువ్వెక్కడ విన్నావ్?”

“అంటారు కదన్నయ్యా. చెప్పండి.”

“ఆ జలుబు గొంతు నత్తలా నడుస్తోంది. నాకా, నెమ్మదిగా వింటే నిద్రొస్తుంది. వేగం పెంచా. ఇంకా పెంచా. మా ఆవిడ వంటింట్లోంచి, ఏమండీ ఏదో పోపు మాడుతోంది చూడండి అంది. పోపు కాదే, నియమ నిబంధనలు వింటున్నా అన్నా. ఇంకా పెంచా. చివరికి ఏమైందంటే, అది నిబంధనలు చదవడం మొదలుపెట్టేసరికే నేను వినడం పూర్తిచేసేశా. అది ఇంకా చదువుతూనే ఉంది, నేను కాళ్ళు కడుక్కొచ్చి, భోంచేసి, చెయ్యి తుడుచుకుని కూర్చుని, ‘ఆ, అయిందా బాబూ’ అని అడిగా. పాపం ఆయాసపడుతూ గోరువెచ్చటి నీళ్ళడిగింది.”

“ఇచ్చారా?” అన్నాను.

“లాప్‌టాప్‌లో నీళ్ళెవడైనా పోస్తాడా? నీకు బొత్తిగా బుద్ధి లేదయ్యా టైలరూ. పక్కన గ్లాసు పెట్టి ఆవిరి పట్టించా.”

“అన్నయ్యా, ప్రశ్నలన్నిటికీ అంకె కొట్టి ఎంటర్ కొట్టడమేనా?”

“అంతే. ఒకటి ఇది, రెండు అది, మూడు ఇంకోటి అని చదువుతుంది. ఏది కావాలో ఆ అంకె, ఆ తర్వాత ఎంటర్. తొందరపడకూడదు. పూర్తిగా చదవనివ్వాలి.” ఈ రెండు ముక్కలూ చాలా మామూలుగా, మైకులో ప్లాట్‌ఫారం చెప్పినట్టు చెప్పాడు. వెంటనే గొంతు పెంచాడు. “అసలు గండం ముందుంది. ఇంటి పంపకం.”

టీ అక్క అందరికీ రెండో విడత టీ పోసింది. వాన రేకు మీద మోగుతోంది, బస్టాండు దీపాలు నీళ్ళలో అలుక్కుపోయాయి.

“లాప్‌టాప్‌లో ఉండే డిస్కు ఒకటే ఇల్లు. అందులో పాత సిస్టం ఏళ్ళ తరబడి కాపురముంటోంది. ఇప్పుడు అందులోకి రెండో కాపురాన్ని దించాలి. ఒక వంటింట్లోకి ఇద్దరు తోడికోడళ్ళని దించినట్టే. గిన్నె గిన్నెకీ గొడవ.”

“తోడికోడళ్ళంటే మన ఇంట్లో మా అక్కయ్యా, నేనే కదా బావగారూ,” అంది టీ అక్క. గ్లాసు కాస్త గట్టిగానే పెట్టింది.

“మిమ్మల్ని కాదమ్మా, లోకంలో మిగతావాళ్ళని.”

“సరే, చెప్పండి.”

“కాబట్టి మధ్యలో గోడ కట్టాలి.”

“డిస్కు దగ్గర ఏ అంకె కొట్టాలన్నయ్యా?” ఆపరేటరు గొంతులో తొందర ఉంది.

“అక్కడ మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి చెల్లెమ్మా. మొత్తం డిస్కు వాడుకోనా అని మహా మర్యాదగా అడుగుతుంది. ఊఁ అన్నావో, పాత కాపురం తట్టాబుట్టాతో రోడ్డు మీద. ఖాళీగా ఉన్న జాగా మాత్రమే వాడుకో అనే మాట ఒకటుంటుంది, అది వినపడేదాకా కీ ముట్టుకోకూడదు. ఆ ఖాళీ జాగా కూడా పాతదాంట్లోంచి మనమే ముందుగా వదిలి ఉంచుకోవాలి.”

“అది నిన్ననే వదిలాను.”

“మంచిపని. చివర్లో మళ్ళీ అడుగుతుంది, రాసెయ్యమంటావా అని. అక్కడ ఒకసారి ఊపిరి పీల్చుకుని…” అని ఆయన నిజంగానే ఊపిరి పీల్చుకున్నాడు.

ఆపరేటరు కూడా పీల్చుకుంది. ఆమె వేలు కీబోర్డు మీద గాల్లో అలాగే నిలబడి, తర్వాత మెల్లగా దిగింది. మంచి శ్రోత అంటే ఈమే అనుకున్నాను. మేం ఎన్నేళ్ళు విన్నా ఇంతగా లీనమైంది లేదు.

“నేనైతే అంకెలతో పెట్టుకోలేదు. లాప్‌టాప్ బోర్లా తిప్పి వేలి కణుపుతో కొట్టి చూశా. కొబ్బరికాయ కొన్నట్టు. నిండుగా ఉన్నచోట మొద్దుగా పలికింది, ఖాళీగా ఉన్నచోట ఖణేల్‌మంది. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన గోరుతో గీత గీశా. గోడ లేచింది. ఎంత తిన్నగా లేచిందంటే, మా వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీ వచ్చి తన తాపీ నా కాళ్ళ దగ్గర పెట్టి, గురువుగారూ ఇక మీరే కట్టండి అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“తాపీ పట్టారా?” అన్నాడు డ్రైవరు.

“పట్టే తీరికెక్కడిది? లోపల రెండు కాపురాలూ మొదలయ్యాయి కదా. ఇటు ఆడగొంతు, అటు జలుబు గొంతు. మొదట్లో మాటల్లేవు. తర్వాత గోడ మీదుగా కబుర్లు. ఆవిడ ‘స్వాగతం’ అంటే ఈయన ‘హాఁచ్’ అంటాడు. మా ఆవిడ వచ్చి, ఎవరో పరాయి మగమనిషి మన ముందుగదిలో తుమ్ముతున్నాడేంటండీ అని నన్ను నిలదీసింది.”

“అక్కయ్య నాతో ఒక్కనాడూ ఈ మాట అనలేదే,” అంది టీ అక్క.

“ఇంటి గుట్టు కదమ్మా, బయటపెట్టుకుంటుందా? ఇక వీళ్ళిద్దరికీ ఒకే ఒక్క పేచీ. గడియారం. ఇవి కోతలు కావు, ఎవర్నైనా అడగండి. ఒకే లాప్‌టాప్‌లో రెండు సిస్టంలుంటే వాటి టైము ఒకదానికొకటి పడదు. పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి వెళ్తే గంటలు గంటలు తేడా.”

“అది నిజమే, నేనూ విన్నాను. సరిచేసుకోవచ్చంటారు,” అంది ఆపరేటరు.

“మామూలువాళ్ళు సరిచేసుకుంటారు. నేను వాడుకున్నా. పాతదాంట్లో సాయంత్రమైతే కొత్తదాంట్లో ఇంకా మధ్యాహ్నమే కదా. ఒకరోజు డ్యూటీకి ఆలస్యమైపోయింది. మా ఆఫీసరు మైకు గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడని కబురొచ్చింది. నేను కంగారుపడలేదు. లాప్‌టాప్ తీశా, కొత్త సిస్టంలోకి దిగా, అక్కడ ఇంకా తెల్లారలేదు. తీరిగ్గా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నడుచుకుంటూ వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నా. ఆఫీసరు వచ్చేసరికి నేనే ఆయన్ని అడిగా, ఏం సార్ ఇవాళ లేటు అని.”

“ఆహా,” అన్నాన్నేను.

“ఆహా ఏంటి, మొన్న చుట్టాలింటికి వెళ్ళినప్పుడు ఏమైందో విను. ఇదిగో ఈ డ్రైవరు బస్సే తప్పిపోయింది నాకు. ఇంకో బస్సు లేదు. సరేలెమ్మని కొత్తదాంట్లోకి దిగి, ఇంకా బయల్దేరని బస్సెక్కి కూర్చున్నా. ముందు సీటే.”

“నా బస్సా?” డ్రైవరు లేచి నిలబడ్డాడు. “నేను చూడలేదే.”

“నువ్వెలా చూస్తావు, నీకు అప్పటికే సాయంత్రమైపోయింది కదా. నీ పక్కనే కూర్చుని నీ పాటలన్నీ విన్నా. ఆ రెండో పాట ఇంక పాడకు.”

డ్రైవరు మెల్లగా కూర్చున్నాడు. ఒంటరిగా బండి నడిపేటప్పుడు పాడతాడని మాకెవరికీ తెలీదు. బావకి ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలీదు.

“అందుకేనన్నమాట,” అన్నాడు డ్రైవరు చివరికి, “నా బస్సు వచ్చి నిలబడ్డాక కూడా ఇంకా ఊరి బయటే ఉందని మైకులో చెబుతుంటారు.”

“మరి? ఇన్నాళ్ళూ నన్ను తిట్టుకున్నావు. నేను కొత్తదాంట్లోంచి చెబుతున్నా, నువ్వు పాతదాంట్లో నడుపుతున్నావు. తప్పెవరిది?”

“అన్నయ్యా,” అంది ఆపరేటరు, “పెన్ డ్రైవ్ ఎప్పుడు తియ్యాలి?”

“అంతా అయిపోయింది, మళ్ళీ లేస్తాను, తీసెయ్యమని అదే చెబుతుంది. అప్పుడు. ముందే లాగితే సగంలో గింగిరాలు తిరుగుతుంది. చెల్లెమ్మా, నువ్వు మధ్యలో అడ్డొస్తే కథ పాకాన పడదమ్మా.”

“ఇంక అడగనులెండి.”

“ఆ. ఎక్కడున్నాం? గడియారం. సరే, ఎన్నాళ్ళని పోట్లాడుకుంటారు, ఒకింట్లో ఉండేవాళ్ళు? నేనే మధ్యవర్తిగా కూర్చుని రాజీ చేశా. గోడకి చిన్న కిటికీ పెట్టించా. ఇక చూస్కోండి, కబుర్లే కబుర్లు. ఆవిడ ఫైలు ఈయన పంపడం, ఈయన ఫైలు ఆవిడ దాచిపెట్టడం. నేను పనిచేసుకుంటుంటే ఇద్దరూ కలిసి గుసగుసలు. నాకేం తెలుసు? ఒకరోజు పొద్దున్న ఆన్ చేశా. కూత వచ్చింది. దాని వెనకాలే ఇంకో చిన్న కూత.”

 టీ అక్క గ్లాసు తుడవడం ఆపేసింది.

“మొదటిది కొత్త సిస్టం. బాణం ఒకసారి నొక్కితే రెండోది, పాత సిస్టం. అక్కడితో అయిపోవాలి కదా? రెండోసారి నొక్కా. మూడోది ఉంది. వదిలేదెక్కడ, ఎంటర్ కొట్టా. ఏం వినపడిందో తెలుసా?”

“ఏంటి?” అన్నాం ముగ్గురం.

“ఉంగా.”

డ్రైవరు టీ ముక్కులోకి పోయింది.

“నవ్వకండి. పిల్ల సిస్టం. తీపి అమ్మది, జలుబు నాన్నది. ఒక్క పనీ చేతకాదు, ఏ ఫైలు కనపడినా నోట్లో పెట్టుకుంటుంది. దానితో పడరాని పాట్లు పడ్డా. ఎంటర్ కీ ఎంతో మెల్లగా నొక్కాలి, కాస్త గట్టిగా తగిలిందా లేచి కూర్చుంటుంది. లాప్‌టాప్‌ని నిద్రపుచ్చడం అంటారు చూడండి, అది మీకు మాటవరసకి. నేను నిజంగా భుజాన వేసుకుని ముందుగదిలో తిప్పా. మా ఆవిడ జోకొడితేనే అప్‌డేట్ అయ్యేది. ఇప్పుడు కాస్త పెద్దదైంది, మొన్న వేలు పట్టుకుని…”

కుయ్.

చిన్న కూత. స్పష్టంగా వినపడింది. బావ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు.

ఆపరేటరు అప్పుడే పిన్ను పీకేసిన ఇయర్‌ఫోన్‌ని చెవిలోంచి తీసి పక్కన పెట్టింది. ఆమె ఒళ్ళోని లాప్‌టాప్‌లోంచి, నల్లటి తెర వెనకనించి, వారం రోజులుగా జలుబు పట్టిన మనిషి గొంతు వచ్చింది. “యూజర్ నేమ్,” అంది. ఆమె ఏదో టైపు చేసింది. “పాస్‌వర్డ్,” అంది. ఆమె అదీ కొట్టింది. అప్పుడు గడగడా ఏదో చదవడం మొదలుపెట్టింది. ఆమె బెంచీకి చేరగిలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని టీ అక్క దగ్గరికి వెళ్ళింది. ఏడవడం లేదు. నవ్వుతోంది, కళ్ళల్లో నీళ్ళతో.

“వచ్చేసింది అక్కా. గొంతు వచ్చేసింది. రేపు పొద్దున్న నేను పనిలో ఉంటాను.”

“ఎప్పుడు వేశావ్?” అన్నాడు డ్రైవరు.

“అన్నయ్య చెబుతుంటేనే. కూత దగ్గర కూత, గోడ దగ్గర గోడ. పిల్ల పుట్టేసరికి అయిపోయింది.” ఆమె బావవైపు తిరిగింది. “మీరు చెప్పిన కీలన్నీ సరిగ్గా ఉన్నాయన్నయ్యా. ఒక్కటి కూడా తప్పలేదు. ఒక్కదాన్నే ఇంట్లో కూర్చుంటే నాకు ధైర్యం చాలేది కాదు. పాతది కూడా ఉందో లేదో చూస్తానుండండి.” మళ్ళీ ఆపి ఆన్ చేసింది. కుయ్‌మంది. ఈసారి బాణం ఒకసారి నొక్కి, ఎంటర్ కొట్టి లోపలికి వెళ్ళింది. ఆమె పాత గొంతు ఎప్పటిలాగే పలకరించింది. బతికిపోయాం అన్నట్టు అందరం ఊపిరి వదిలాం.

బావ అప్పటికి తేరుకున్నాడు. “చూశారా? నేను చెప్పానా లేదా? నా చేతి చలవ…”

“బావగారూ,” అంది టీ అక్క.

ఆమె గొంతులో వెటకారం లేదు. పాలగిన్నె దించుతూ మామూలుగానే అడిగింది.

“రెండు సిస్టంలున్నది కూయకుండా లేవదన్నారు కదా. మీ లాప్‌టాప్ రోజూ ఈ బెంచీ మీదే ఆన్ చేస్తారు. ‘స్వాగతం’ అనడం రోజూ వింటాను. ఈ కూత నేనెప్పుడూ వినలేదే.”

నిజమే. నేనూ వినలేదు. డ్రైవరూ వినలేదు. ఇన్నేళ్ళుగా మా ముందే లేస్తోంది అది, ఒకే గొంతుతో, ఒకే పలకరింపుతో. మెడలో పెన్ డ్రైవ్ మాత్రం ఏటేటా కొత్తదయ్యేది.

బావ నీళ్ళు నమిలాడు. “అదీ… ఈ మధ్య పిల్ల నిద్ర చెడుతుందని కూత ఆపించా,” అన్నాడు. ఆయనకే నమ్మకం కుదిరినట్టు లేదు, గొంతు చివర్లో జారిపోయింది.

డ్రైవరు ఏదో అనబోతే టీ అక్క కళ్ళతోనే వద్దంది.

వాన కాస్త తగ్గింది. వెళ్ళాలనుకుంటే వెళ్ళొచ్చు, కానీ ఎవరం లేవలేదు. బావ సంచీలోంచి తన లాప్‌టాప్ తీశాడు. మూత మీద ఒకసారి అరచేత్తో నిమిరి, దాన్ని బెంచీ మీదుగా ఆపరేటరు వైపు జరిపాడు.

“ఖాళీ జాగా వదిలే ఉంచా. ఎప్పుడో వదిలా,” అన్నాడు. “పనిలో పని నాకూ మళ్ళీ ఒకసారి వేసెయ్ చెల్లెమ్మా.”

“మళ్ళీనా అన్నయ్యా?”

చాలా మెత్తగా అడిగింది. పెద్ద పెద్ద బస్సుల్ని మైకులో అదిలించే మనిషి ఆ ఒక్క మాటకి తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. భుజాలు కదిలాయి.

“గొంతు ఆగిపోతే ఎలా అని,” అన్నాడు. “ఎస్ దాకా ఎన్నిసార్లు వెళ్ళానో. అక్కడ చెయ్యి రాలేదు.”

“నాకూ రాలేదు. మీరు తెరకి చెవి ఆనించారన్నారు చూడండి, అక్కడ నవ్వొచ్చి నొక్కేశాను.”

ఆమె ఒళ్ళోని పెన్ డ్రైవ్ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వెతుక్కుని గుచ్చాడు. లాప్‌టాప్ తిరిగి తన ఒళ్ళోకి లాక్కున్నాడు.

“ఎస్ నేనే నొక్కుతా,” అన్నాడు. “నువ్వు పక్కన కూర్చో.”

ఆమె జరిగి పక్కన కూర్చుంది. టీ అక్క స్టవ్ ఆపేసింది. బావ ఆన్ చేసి పై వరుస చివరి కీని టకటకా కొట్టాడు, కింది బాణం ఒకసారి, ఎంటర్ ఒకసారి. ‘స్వాగతం’ రాలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ బెంచీ మీద ఆ గొంతు లేవలేదు. బావ ఎడంచెయ్యి బెంచీ అంచుని గట్టిగా పట్టుకుంది.

కుయ్.

ఆయన వేలు ఎస్ మీద ఆగింది. నేను గ్లాసు కింద పెట్టాను. డ్రైవరు ఆయన చెవి దగ్గరికి వంగాడు.

“మెల్లగా నొక్కు బావా,” అన్నాడు గుసగుసగా. “పిల్ల లేస్తుంది.”